మూడో హంసమాడ

…తోమిన నాణెం మొహంలో సిగ్గు ఉండదు, దాంతో వచ్చిన చిక్కే అది, అనుకుంటున్నాడు మాచన. చేతులు మారి మారి అరిగిన నాణెం తన వయసు తనే చెప్పుకుంటుంది. తోమినది అలా కాదు, అప్పుడే పుట్టినట్టు నవ్వుతుంది. మనుషుల్లోనూ అలాంటివాళ్లున్నారు. పొద్దున్నే చెంబెడు నీళ్లతో మొహం కడుక్కోగానే నిన్నటిదంతా పోయిందని నమ్మేవాళ్లు. తనకా అదృష్టం లేదు. తన ఒంట్లో నిన్నటి అలసట మీద ఇవాళ్టి అలసట, పాతగోడకి సున్నం మీద సున్నం కొట్టినట్టు పేరుకుపోతోంది. గీకి చూస్తే అడుగున ఏ రంగు ఉందో తనకే…

"మాచన్నా! తల దించు!"

తలపాగాని ఒరుసుకుంటూ ఒక బాణం దూసుకుపోయి ఎదుటి బండకి తగిలి రెండు ముక్కలయింది. అప్పటికి గాని మాచనకి గుర్తు రాలేదు, తాము పారిపోతున్నామని.

ఇరుకైన కనుమ అది. రెండు వైపులా ఎర్రరాతి కొండలు ఒకదాని చెవిలో ఒకటి ఏదో చెప్పుకుంటున్నట్టు పైన వంగి ఉన్నాయి. వాటి మధ్య సన్నటి దారిలో రెండు గాడిదలు పరిగెడుతున్నాయి. ముందు గాడిద మీద, వీపున గాజుల మలారం కట్టుకుని, కొంగు నడుముకి బిగించి కూర్చున్న పడుచు నిజానికి గాజులమ్మే మనిషి కాదు, పింగళదేశపు రాకుమారి కేతకి. వెనక గాడిద మీద మూటలా వేలాడుతున్న నెరిసిన జుట్టు మనిషి ఆమె బంటూ కాదు. నాణేలు చూసి అసలేదో నకిలీ ఏదో తేల్చే నోటకాడు. ఆ దేశపు కమ్మటంలో, నాణేలు అచ్చువేసే చోట, ముసలితనం వచ్చేదాకా పనిచేసి, ఇక చాలని ఇంటి అరుగు మీద కూర్చుని మోకాళ్లకి ఆముదం రాసుకుంటున్నవాణ్ణి కేతకి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

దీనికంతటికీ కారణం ముద్రాక్షుడనే మాంత్రికుడు. రెప్ప వేయకుండా దేన్ని చూస్తే దానికి ఎన్ని నకళ్లైనా పుట్టించగల విద్య వాడిది. పోయిన అమావాస్యకి కొలువులోకి వచ్చి, కేతకి అన్న హేమాంగదుణ్ణి తాంబూలం నమిలేంత సేపు అలా చూస్తూ నిలబడ్డాడు. మర్నాడు యువరాజు మంచం మీద నిద్ర లేచినవాడు యువరాజు కాదు. నడక అదే, గొంతు అదే, ఎడమ చెవి కింది పుట్టుమచ్చ కూడా ఉండాల్సిన చోటే ఉంది. కాని చెల్లెలు ఎదురుపడితే విసుక్కోలేదు. తోడబుట్టినవాడు విసుక్కోకపోవడమేమిటని కేతకికి అనుమానం వచ్చింది. మిగతా ఊరంతా ఆ మంచితనానికి మురిసిపోయింది.

అసలు హేమాంగదుడు మాంత్రికుడి పాతాళకోటలో ఉన్నాడు. ఇవాళ పొద్దు వాలేసరికి నకిలీవాడికి పట్టాభిషేకం. కిరీటం ఒకసారి వాడి తలకెక్కిందా, చెరలో ఉన్న అసలువాడు గోడ మీద నీడై మిగిలిపోతాడు. మళ్లీ మనిషి కాలేడు.

పాతాళకోటకి మెట్లదారి ఒక్కటే. అది పసిడికంటి అనే యక్షిణి ఇంట్లో ఉంది. పాత బంగారు నాణేలు పోగుచేసుకోవడం తప్ప ఆ యక్షిణికి వేరే లోకం లేదు. తన దగ్గరున్న మూడు హంసమాడల్లో, హంస ముద్ర ఉన్న బంగారు నాణేల్లో, అసలుది ఏదో తేల్చిన నోటకాడికి ఆ మెట్లదారి తెరుస్తానని ఆమె చాటించింది. అందుకే ఈ గాడిదలు, ఈ బాణాలు, ఈ పరుగు.

"ఎంతమంది తల్లీ?" అని అడిగాడు మాచన, వెనక్కి తిరిగి చూసే ఓపిక లేక.

కేతకి తిరిగి చూసింది. "ఒక్కడే. ఒక్కడే, చాలామంది!"

నిజమే. ముద్రాక్షుడు ఎవడో ఒక బంటుని చూసి ఆ ఒక్కణ్ణే దండు చేశాడు. అందరికీ ముందుపన్ను విరిగే ఉంది. అందరూ కుడికాలే కుంటుతున్నారు. ఒకడికి తుమ్ము వస్తే కనుమంతా తుమ్ముతోంది.

"నన్నిక్కడ దింపెయ్యండి తల్లీ. ఆ బండ మీద కాసేపు నడుం వాలుస్తాను."

"వాళ్లొచ్చి పొడిచేస్తారు మాచన్నా!"

"పొడిస్తే ఇక లేవక్కర్లేదు కదా."

"నీ వెటకారం పాడుగానూ! కాలితో అదిలించు దాన్ని!"

అదిలించక్కర్లేకపోయింది. రెండో బాణం గాడిద తోకని రాసుకుపోయేసరికి ఆ జంతువుకి మాచనకి లేని జీవితేచ్ఛ ఒక్కసారిగా పుట్టుకొచ్చింది. ముందున్న గాడిదని దాటి, మలుపు తిరిగి, లోయ అంచున కాళ్లు నిగడదన్ని ఆగింది. మాచన ఆగలేదు. గాడిద చెవుల మీదుగా ఎగిరి, తీగలతో అల్లిన వంతెన మొదట్లో పడ్డాడు. కింద, చూపు అందనంత లోతులో, ఏరు తెల్లటి దారప్పోగులా మెరుస్తోంది.

కేతకి దూకి వచ్చి అతన్ని లేవదీసింది. గాడిదలు వంతెన ఎక్కకుండా మొరాయించాయి. వాటిని బతిమాలే వేళ కాదది. ఆమె మలారం విప్పి గాజులన్నీ వెనక దారి మీద గుమ్మరించి, మాచన రెక్క పట్టుకుని వంతెన మీదికి ఈడ్చింది. తీగలు కిరకిరలాడాయి. కాలి కింద ఒక బద్ద విరిగి, తిరుగుతూ తిరుగుతూ కిందికి పోయింది. అది ఏట్లో పడ్డ చప్పుడు ఎంతకీ వినిపించలేదు.

దండు గాజుల మీద జారుతూనే వంతెన ఎక్కింది. అక్కడే వాళ్ల కొంప మునిగింది. వేరువేరు మనుషులైతే తలొక అడుగూ వేసేవారు. వీళ్లది ఒకే అడుగు. అందరి ఎడమకాలూ ఒకేసారి పడుతోంది, అందరి కుంటికాలూ ఒకేసారి తేలుతోంది. వంతెన ఆ లయకి ఉయ్యాలలా ఊగడం మొదలెట్టింది. ఊగి, ఇంకా ఊగి, గట్టు మీద కేతకి కాలు మోపి మాచనని పైకి లాగిన క్షణాన, పైనున్న తీగలు పెటిల్లున తెగాయి. లోయలోంచి ఒకే మనిషి కేక, వందల గొంతుల్లో, పైకి లేచి ఆగిపోయింది.

వంతెన ఎక్కని వాళ్లు అవతలి గట్టున నిలబడి ఒక్కసారే తల గోక్కున్నారు. తర్వాత ఒక్కసారే తిరిగి, చుట్టుదారి పట్టారు.

"ఆ మనిషికి ఇంట్లో ఎవరన్నా ఉండి ఉంటారా?" అన్నాడు మాచన, లోయలోకి చూస్తూ.

"ఎవరికి?"

"మొదటివాడికి."

కేతకి పొద్దు కేసి చూసింది. అది అప్పటికే పడమటి కొండకి ఓ నిలువెత్తున ఉంది.

గట్టు దాటిన కొంతదూరంలో కొండ మీంచి ఒక జలధార పడుతోంది. దాని వెనక తలుపు ఉందని వాళ్లకి తెలుసు. తడిసి ముద్దయి ధార దాటారు. తలుపు కొట్టక ముందే తెరుచుకుంది.

లోపల అడుగుపెట్టిన కేతకి నోరు తెరిచి నిలబడిపోయింది. కొండ కడుపుని తొలిచి కట్టిన మందిరమది. స్తంభాలకి బదులు నిలువునా పేర్చిన నాణేల దొంతరలు, ఒక్కొక్కటి తాటిచెట్టంత. పైకప్పుకి వేలాడుతున్న గుత్తుల్లో ద్రాక్షపళ్లకి మల్లే చిన్న చిన్న పూలమాడలు. నేల మీద పరిచినవి ఏనుగు మాడలు, పంది మాడలు, సూర్యుడి ముద్ర ఉన్నవి, చేప ముద్ర ఉన్నవి, పేరైనా మిగలని రాజ్యాలవి, భాష మరిచిపోయిన రాతలవి. ఎక్కడినుంచి వస్తోందో తెలియని పచ్చటి వెలుగు వాటి మీద నీటి అలలా కదులుతోంది. గాలిలో ధూపం వాసన, దాంతో కలిసి ఇంకో వాసన. ఆ రెండో వాసన తెలిసి మాచన గుండె జారిపోయింది.

కుంకుడుకాయ వాసన.

మందిరం నడుమ, ఇత్తడి గంగాళం ముందు పీట వేసుకుని, మోచేతుల దాకా నురుగుతో కూర్చుని ఉంది యక్షిణి పసిడికంటి. చామనచాయ ఒళ్లు, చెవులకి చక్రాల్లాంటి కమ్మలు, కనుగుడ్లు మాత్రం పచ్చటి బంగారం. చింతపండు పిసికి నాణెం మీద రుద్దుతోంది.

"రండి రండి. ఇవాళ శుక్రవారం కదూ, పని ఒత్తిడిగా ఉంది," అంది తల ఎత్తకుండానే. "ఆ అబ్బాయేనా నోటకాడు? ఆ పిల్ల ఎవరు?"

శతాబ్దాలు చూసిన మనిషికి తను అబ్బాయే కదా, అనుకున్నాడు మాచన. "అమ్మా, అన్నీ తోముతావా?"

"తోమకపోతే? దేవుడి దగ్గర పెట్టేవి. మాసిన మొహాలతో పెడతామా?"

"ప్రతి శుక్రవారమూ?"

"మా అమ్మ నేర్పింది. ఆవిడకి వాళ్లమ్మ."

మాచన అక్కడే, నాణేల మీదే, చతికిలబడ్డాడు. నోటకాళ్ల పనిలో నాణేలకి తరగతులున్నాయి. కమ్మటంలోంచి వచ్చిన మెరుగు చెక్కుచెదరకుండా ఉంటే కన్నెమాడ. కొద్దిగా వేళ్లు తగిలి ఉంటే చేతిమాడ. సంతలు తిరిగి అంచులు మెత్తబడితే సంతమాడ. ముద్ర చెరిగిపోతే బోడిమాడ. ఆ చివరిదానికైనా ఒక పేరుంది, పక్కన కూర్చోబెట్టే చోటుంది. తోమినదానికి ఏ తరగతీ లేదు. నోటకాడు దాన్ని చూసి తల పక్కకి తిప్పుకోవడమే. ఈ మహాతల్లి కాలమంతా కూర్చుని, లోకంలో ఇంకెక్కడా లేని సొమ్ముని, అంత భక్తిగా, అంత ప్రేమగా, పాడు చేసింది.

"ఏవిటయ్యా ఆ మొహం?"

"ఏం లేదమ్మా. కొంచెం అలిసిపోయాను."

"మాడలు చూస్తే అలుపు తీరుతుంది. లే."

ఆమె తడి చేతులు కొంగుకి తుడుచుకుని వాళ్లని లోపలి గదికి తీసుకెళ్లింది. గది మధ్య నల్లరాతి పీట. దాని ఎదుట పట్టుగుడ్డ మీద వరసగా మూడు నాణేలు, మూడింటి మీదా తల వెనక్కి తిప్పి రెక్క ముక్కుతో గోక్కుంటున్న హంస. పీటకి అటూ ఇటూ రెండు బంగారు విగ్రహాలు. గది చివర రాతి తలుపు, దాని అవతల మెట్లు.

"ఇది మా ముత్తాతకి పింగళదేశపు మొదటి రాజు స్వయంగా చేతిలో పెట్టిన మాడ," అంది యక్షిణి, గొంతు తగ్గించి. "లోకంలో ఇదొక్కటే. ఆ ముద్రాక్షుడు దారి అడగడానికి వచ్చి, చూస్తానమ్మా అన్నాడు. చూడనిచ్చాను, మెట్లదారీ తెరిచాను. చూసి వాడు పోయాక చూసుకుంటే మూడున్నాయి! ఒకటి నాది, రెండు వాడి మాయ. తూకం అదే, రంగు అదే. నా సొమ్ము నా ఎదుటే ఉంది, ఏది నాదో నాకు తెలీదు. ఎలా ఉంటుందో చెప్పు?"

"ఈ విగ్రహాలు?" అంది కేతకి.

"నోటకాళ్లే, పాపం. నేను చేసింది కాదమ్మా, పీట గుణం. దాని మీద కూర్చుని తప్పు తేలిస్తే ఇంతే. ఈ మీసాలాయన ఎడమదాన్ని అసలన్నాడు. ఈయన మధ్యదన్నాడు."

మాచన రెండో విగ్రహం మొహంలోకి చూశాడు. తిప్పన్న. కమ్మటంలో ఒకే కిటికీ కింద, పక్కపక్కన కూర్చుని పనిచేసినవాడు. తను ఒక నాణెం చూసేలోపు తిప్పన్న బుట్టెడు చూసేవాడు. ఇంకా కుస్తీ పడుతున్నావురా, అని నవ్వేవాడు. బంగారమైపోయిన ఆ మొహంలో భయం లేదు. 'అమ్మయ్య, అయిపోయింది' అన్న నెమ్మది ఉంది. మాచనకి ఆ నెమ్మది చూస్తే ఒళ్లు జలదరించింది. మరుక్షణం, కొంచెం అసూయ కలిగింది.

"ఎడమది కాదు, మధ్యది కాదు." కేతకి కళ్లు మెరిశాయి. "అంటే కుడిదే కదా?"

"కుడిదే," అంది యక్షిణి తాపీగా. "ఆ మాత్రం లెక్క నాకూ తెలుసు."

"తెలిస్తే మరి మాచన్న దేనికి?"

"నేనంటే ఎవరు నమ్ముతారే పిల్లా? మంచుకొండ మీద మా అక్క ఉంది. దానికీ ఉంది నాణేల పిచ్చి. నాదంతా ఒట్టి తగరం అంటుంది ఎప్పుడూ. నోటకాడి చేత్తో వెల్లకిలా పడ్డ మాడ అయితే దాని నోరు మూతపడుతుంది. ఇది ఒట్టి లాంఛనమయ్యా అబ్బాయ్. కూర్చో, కుడిదాన్ని వెల్లకిలా పెట్టు, మీ దారిన మీరు పొండి. అసలుది నాకు చూపించందే మాత్రం ఆ తలుపు తెరవను, ముందే చెబుతున్నా."

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. ఆ దేశపు నోటకాళ్లు తీర్పు నోటితో చెప్పరు, చేత్తో చెబుతారు. ముద్ర పైకి కనబడేలా వెల్లకిలా పెడితే అసలు. ముద్ర నేలకి ఆనేలా బోర్లా పెడితే నకిలీ. ఒకసారి పెట్టిన నాణేన్ని మళ్లీ తిప్పడం లేదు. అందుకే జాగ్రత్తగల నోటకాడు ఎంతసేపైనా నాణేన్ని వేళ్ల మధ్య అంచున నిలబెట్టే పట్టుకుంటాడు. ఆ నిలబెట్టి పట్టుకోవడం ఎంత బరువో చెయ్యి నొప్పెట్టిన వాళ్లకే తెలుస్తుంది.

బయటి తలుపు మీద ధడేల్మని చప్పుడయింది. చుట్టుదారి పట్టిన దండు వచ్చేసింది. ఆ వెంటనే వందల తుమ్ములు, ఒక్కసారిగా.

"మాచన్నా," అంది కేతకి, "కూర్చో."

కూర్చున్నాడు. రాతి చల్లదనం మోకాళ్లకి హాయిగా తగిలింది. మొలలోంచి చిన్న త్రాసు తీశాడు. మూడూ ఒకే తూకం. గీటురాయి తీసి, అంచులు ఒరసి చూశాడు. మూడు గీతలూ ఒకే వన్నె. మేలిమి బంగారం, వంక పెట్టడానికి లేదు. రాతి మీద మోగించాడు. మూడూ ఒకే పలుకు పలికాయి. ఇక మెరుగు చూద్దామంటే, మూడింటినీ యక్షిణి కుంకుడు నురుగుతో అద్దంలా చేసి పెట్టింది.

"ఏమిటి ఇంకా?" అంది యక్షిణి.

"చూస్తున్నానమ్మా."

"చూడ్డానికేముందని? కన్నెమాడ అని కూడా చెప్పు, మరిచిపోకు."

"తోమినదానికి తరగతి ఉండదమ్మా."

"ఏవిటీ!" యక్షిణి బంగారు కళ్లు ఎర్రగా కాగాయి. గదిలో గాలి వేడెక్కింది. "నా చేతులు అరిగిపోయేలా మెరుగు పెడితే తరగతి ఉండదా?"

"మెరుగు నీదమ్మా. మాడది కాదు." అన్నాక అతనికే అనిపించింది, ఇంత అలసటలో మనిషి అబద్ధం కూడా సరిగ్గా ఆడలేడని.

కేతకి గబుక్కున అడ్డం వచ్చింది. "అమ్మా, ఆయన ముసలాయన, దారిలో గాడిద మీంచి పడ్డాడు. తరగతి సంగతి తర్వాత. ముందు అసలు తేలనీ!"

యక్షిణి రుసరుసలాడుతూ ఊరుకుంది. మాచన ఎడమ మాడని వెలుగు కేసి పట్టుకున్నాడు. హంస కాళ్ల మధ్య, రెక్క ముడుచుకున్న చోట, ఇరుకు సందులో ఏదో పచ్చగా గడ్డకట్టి ఉంది.

"ఇదేమిటమ్మా?"

"అదా? పసుపు. మా ముత్తవ్వ నాటి నుంచీ పెడుతున్న పసుపు. సందుల్లో గట్టిపడిపోయింది, ఎంత తోమినా పోదు. మూడింటికీ ఉంది. వాడి కన్ను అంత పాపిష్ఠిది, ఆఖరికి పసుపుతో సహా దించాడు."

పసుపుతో సహా. మాచన తలపాగాలోంచి తుమ్మముల్లు తీశాడు. సందులు చూడటానికి నోటకాళ్లు ఎప్పుడూ దగ్గర ఉంచుకునే ముల్లది. ముల్లు కొసతో ఆ పసుపు గడ్డని మెల్లిగా తాకాడు. నిజంగా పసుపైతే కొస దిగాలి, పొడి రాలాలి. ముల్లు జారిపోయింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ జారింది.

పసుపు కాదది. పసుపులా ఉన్న బంగారం.

అతనికి నవ్వు వచ్చినంత పనయింది. ముద్రాక్షుడి కన్ను ఆ సందులో పచ్చగా ఉన్నదాన్ని చూసింది. ఏది పసుపో ఏది పసిడో దానికేం తెలుసు? పచ్చగా కనిపించినదంతా బంగారం చేసి పెట్టింది. మాంత్రికుడి విద్య మచ్చ దించగలదు, మాలిన్యం దించలేదు. చూపుకి రెండూ ఒకే రంగు కాబట్టే ఇన్నాళ్లూ ఎవరికీ పట్టలేదు.

ఎడమ మాడని బోర్లా పెట్టాడు. పీట పలకలేదు. తీర్పు సరైనదే. మధ్య మాడ తీసుకున్నాడు. ముల్లు జారింది. అదీ బోర్లా పెట్టాడు. పీట మళ్లీ చల్లగా ఊరుకుంది.

"చూశావా," అంది యక్షిణి, చేతులు రుద్దుకుంటూ. "లెక్క సరిపోయింది. ఇక కానీ."

బయట తలుపు బద్దలవుతున్న చప్పుడు. నాణేల స్తంభం ఒకటి కూలి, వాననీటిలా జలజలా పారింది. ఒకే గొంతు, అనేకమంది నోళ్లలోంచి, "పట్టుకోండి!" అని అరిచింది. కేతకి అప్పటికే రాతి తలుపు దగ్గర నిలబడి, నడుములోంచి కత్తి దూసింది. పైనెక్కడో సందులోంచి పడుతున్న ఎండ గోడ మీద ఎర్రబడింది.

"మాచన్నా, పెట్టెయ్! వెల్లకిలా పెట్టెయ్! అన్నయ్య…" ఆమె ఏడ్చేసింది. ఈ దారి పొడుగునా ఆమె ఒక్కసారీ ఏడవలేదు.

మూడో మాడ అతని వేళ్ల మధ్య నిలబడి ఉంది. చూడకుండా పెట్టేయవచ్చు. లెక్క చెబుతోంది, యక్షిణి చెబుతోంది, ఆ పిల్ల ఏడుపు చెబుతోంది. రెండు కానప్పుడు మూడోది అవ్వాలి. అవకపోతే లోకానికే అర్థం లేదు. తిప్పన్న కూడా ఇలాగే అనుకుని ఉంటాడా? చెయ్యి నొప్పెడుతోంది. మోచేతి నుంచి మెడ దాకా పట్టేసింది. ఈ ఒక్కటీ పెట్టేస్తే ఇంటికెళ్లి పడుకోవచ్చు. ఎన్నాళ్లుగా కోరుకుంటున్నాడో ఆ నిద్ర, కలలు కూడా లేని నిద్ర.

అయినా వేళ్లు ఊరుకోలేదు. మనసు వద్దంటున్నా చేతికి తన అలవాటు తనకుంది. ముల్లు కొస హంస రెక్క కిందికి వెళ్లింది. ఆనింది.

కొంచెం నొక్కాడు.

ముల్లు కొస పుటుక్కున విరిగింది.

చాలాసేపు ఆ విరిగిన కొసనే చూస్తున్నట్టు మాచనకి అనిపించింది. నిజానికి ఒక రెప్పపాటే. మూడూ మాయే. ముద్రాక్షుడు రెండు పుట్టించి అసలుదాన్ని వదిలిపోలేదు. మూడు పుట్టించి అసలుదాన్ని మొలలో దోపుకుని అదే మెట్ల మీదుగా దిగిపోయాడు. వీళ్లంతా ఒకటి అసలే అయి ఉంటుందన్న లెక్కతో ఇన్నాళ్లూ మూడు అబద్ధాలకి కుంకుడు రసం పోశారు.

"మాచన్నా?" కేతకి అతని మొహం చూసింది. చూసి, చేతిలో కత్తి కొంచెం దించింది.

యక్షిణి ముందుకి వంగింది. "ఏమయ్యా, ఏమయింది?"

'తేలలేదు' అనొచ్చు. నోటకాళ్లందరికీ ఉన్న దొడ్డిదారి అది. జీవితంలో అతను ఎన్నోసార్లు ఆ దారిన ఇంటికి పోయాడు. కాని ఇప్పుడు తేలింది. తేలినదాన్ని తేలలేదంటే ఈ పీట ఊరుకోదు. వెల్లకిలా పెడితే తను తిప్పన్న పక్కన మూడో బొమ్మ. బోర్లా పెడితే అసలుది లేదన్నమాట. అసలుది చూపించందే తలుపు తెరవనని ఆమె ముందే చెప్పింది. తన చెయ్యి తిరిగే వాటంలో ఒక కుర్రవాడు మనిషిగా మిగలడమో నీడ కావడమో ఉంది. నిజం విన్నాక ఆ యక్షిణి కోపం ఎవరి మీద పడుతుందో తెలియదు. మెట్ల కింద ఉన్న దొంగ మీదా, ఎదుట కూర్చున్న ముసలివాడి మీదా?

గది గుమ్మంలో విరిగిన ముందుపన్ను ఒకటి కనిపించింది. దాని వెనక అదే పన్ను, దాని వెనకా అదే.

మాచన ఎవరి మొహమూ చూడలేదు. అంచున నిలబెట్టి పట్టుకున్న మాడని, బొటనవేలితో నెమ్మదిగా తిప్పి, హంసని పట్టుగుడ్డ వైపు చేసి, మిగతా రెండింటి పక్కన బోర్లా పెట్టాడు.